వరస

ఉత్తర వేల్స్‌లో ఈ కొండంతా పలకే.
చీల్చి, చెక్కి, ఓడలకెత్తి
ఎక్కడెక్కడి ఇళ్ళ కప్పులకో పంపేశారు.
మిగిలింది వాన, గుట్టలుగా రాతిపెచ్చులు,
క్వారీ ఆసుపత్రి రిజిస్టర్లు పద్నాలుగు.

హెలెద్ వాటిని డేటాబేస్‌లోకి ఎక్కిస్తోంది.
పక్క కుర్చీలో టెగ్విన్, ఎనభై మూడేళ్ళవాడు,
తెర మీద వేలు పెట్టి చదువుతాడు.
వేలిముద్రలు తుడవడం ఆమె మానేసింది.

"లాయిడ్ ఇక్కడేం చేస్తున్నాడు, లూయిస్ పక్కన?"
యంత్రానికి అవి రెండు ఎల్‌లు.
ఆయనకి ఒకటే అక్షరం,
నాలుక పళ్ళకానించి పక్కల నుంచి ఊదే గాలి.
ఎల్‌లన్నీ అయ్యాకే దాని వంతు.
యంత్రానికి వావీ వరసా ఏం తెలుసు,
నేర్పిన ఇంగ్లీషు వరసే వరస.

సరే, నియమం రాసింది.
డి వెనక జంట డి, ఎల్ వెనక జంట ఎల్,
జి వెనకాల ఎన్‌జి.
ఇండెక్స్ మళ్ళీ కట్టింది. టీ చల్లారేలోగా
నాలుగు వేల మంది లేచి
చోట్లు మారి కూర్చున్నారు.

టెగ్విన్ వేలు ఊళ్ళ పేర్ల మీదికి జారి
ఆగింది.
"బంగోర్ బాలాకన్నా ముందెలా వచ్చింది?"
"మీరన్నదేగా, ఎన్‌జి ఒకే అక్షరమని."
"మా గుమ్మం మీది పేరులో ఒకటే. అఙోర్వా. లంగరు వేసిన చోటు.
బంగోర్‌లో రెండు. పలికి చూడు."

పలికింది.
మనం పలక మీద దిద్ది, ఆపైన
ఏ రోజూ వాడని ఙ ఉంది చూశారూ,
అది ఆయన గుమ్మం మీద కాపురముంటోంది.
బంగోర్‌లో ఉన్నది బంగారంలోని గ.
రాతలో తేడా లేదు.
పక్కపక్కన నిలబడ్డ వాళ్ళందరూ
మొగుడూ పెళ్ళాలు కారు కదా.

ఇది ఏ నియమానికీ చెప్పలేం.
బంగోర్ వచ్చిన ప్రతిచోటా
ఎన్‌కీ జికీ నడుమ
కంటికి కనబడని అక్షరమొకటి
చేత్తో పెట్టుకుంటూ పోయింది హెలెద్,
పలక చీల్చేవాడు ఉలి మొన ఆనించినట్టు,
మూడు వందల పన్నెండు సార్లు.

చివరికి జాన్ జోన్స్‌లు, అరవై ఒక్కరు.
అవే అక్షరాలు, అదే పొడవు.
నియమం పోల్చి చూసి, సమానం అంది.
ఆపై దానికి మాటల్లేవు.

టెగ్విన్ కళ్ళజోడు తీశాడు.
"ఒకడు చెవిటి జాన్. ఒకడు రెండు గొడుగుల జాన్.
ఒకడు మా అమ్మకి నాన్న.
పోయిన తేదీ రాసుంటారుగా,
ముందు పోయినవాణ్ణి ముందు పెట్టు."

పెట్టింది.
తేదీ రాయని తొమ్మిదిమంది
ఎక్కడ నిలబడాలో తెలియక
అట్టడుగున చేరారు.
వేలు అక్కడిదాకా వచ్చింది.
ఆయన ఏమీ అనలేదు, ఆమె అడగలేదు.