క్షయకు అక్షరాలు

నుకుస్‌లో, కిటికీ సందుల్లో తడిగుడ్డ కుక్కి
పనికి కూర్చుంటుంది ఐజమాల్.
బయట ఉప్పుగాలి.
ఒకప్పటి అరల్ సముద్రం
ఇప్పుడు పొడిపొడిగా ఊళ్ల మీద తిరుగుతోంది.

అక్షరానికి క్షయం లేదంటాం మనం.
క్షయకే అక్షరాలున్నాయి, ఆమె తెర మీద:
నలభై నాలుగు లక్షలు,
నాలుగే రకాలు,
ఊపిరి తీసుకోను చుక్కైనా లేని రాత.

అందులో ఒకచోట
‘సి’ ఉండాల్సింది ‘టి’ అయింది.
అచ్చుతప్పంత.
దానికే రిఫాంపిసిన్
తలుపు గుర్తుపట్టక వెనుదిరిగిపోతుంది.

ఐదుగురి కఫంలో అదే తప్పు.
ఉల్లిపాయలమ్మే ముసలాయన, లెక్కల టీచరు,
తివాచీ నేసే ఆవిడ, వాచీలు బాగుచేసేవాడు,
తొమ్మిదో తరగతి పిల్ల.
“వాళ్లెవరో మాకు తెలీదు”
రొట్టె మీద చెయ్యేసి చెప్పారు.
అబద్ధమేం కాదు.
కానీ వాళ్ల క్రిములకు మధ్య
రెండక్షరాల తేడా, మించితే మూడు.
ఒక తల్లి పిల్లల్లో కూడా ఇంత పోలిక ఉండదు.

ఎవరింటికెళ్లారు, ఎవరి పెళ్లికెళ్లారు
అని అడిగి అడిగి విసిగి
నర్సు పరాఖాత్ చివరికి
“దేంట్లో వెళ్లారు?” అంది.

గురువారం మొయ్నాక్ వ్యాను.
మూడు గంటలు, పదిహేను మంది,
ఉప్పు లోపలికి రాకూడదని
అద్దాలన్నీ బిగించి.

డ్రైవర్ జోల్ముర్జా టోపీ నలుపుతూ వచ్చాడు.
“మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పేది,
స్టీరింగు పట్టలేక మానేశాను.
నేనేగా చేసింది?”

ఐజమాల్ తెర అతని వైపు తిప్పింది.
కొమ్మలు, కొమ్మలకు అంకెలు.
“ఎనిమిదేళ్ల కిందటి నమూనాలోనూ ఇదే తప్పుంది, చూడు.
నువ్వు మింగిన మొదటి మాత్రకే
అది లొంగే రకం కాదు.”
మరి ఎవరి దగ్గర మొదలైంది?
ఆమె వేలు పైకి జరిగి
ఒక కణుపు దగ్గర ఆగింది.
అక్కడ పేరు లేదు.
ఎవరో దగ్గారు,
ఏ సీసా వాళ్ల దాకా వెళ్లలేదు.

జోల్ముర్జా ఆ ఖాళీనే చాలాసేపు చూశాడు,
తెలిసినవాళ్లెవరైనా కనిపిస్తారేమోనన్నట్టు.

ఆ గురువారం వ్యాను వేరే డ్రైవరు నడిపాడు.
అద్దాలు రెండు వేళ్ల మందం దించి,
జనం ముక్కులకు రుమాళ్లు కట్టి.
ఒళ్లో ఉప్పు పడిందని
ఎవరూ సణగలేదని చెప్పను.
దారంతా సణిగారు.