నేను అనే మాట

నా పని గొంతు అరువివ్వడం.
జెనీవాలో, సరస్సు కనబడని వైపు హాల్లో,
అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాను.
కింద ఎవరు ‘నేను’ అన్నా
నేనూ ‘నేను’ అనాలి.
‘ఆమె అంటోంది’ అనకూడదు. అది మొదటి నియమం.

ఈ ఉదయం నా పేరు తక్ ఓక్‌సిల్.
నాకు అరవై రెండేళ్లు. ముసాన్‌లో ఇనుపగని పక్క వాడ.
నది దాటి పదకొండేళ్లు. కూతురు ఇవతల, కొడుకు అవతల.
మైకుని రెండు వేళ్లతో కొంచెం జరిపాను,
పొయ్యి మీది గిన్నెని జరిపినట్టు.

ఆ ఏడు వరద ఇంట్లోకొచ్చింది.
చంకలో ఒకణ్ణి, వీపున ఒకదాన్ని వేసుకుని మిట్టెక్కాను.
తిరిగి చూస్తే మా ఆయన మళ్లీ నీళ్లలోకి దిగుతున్నాడు.
గోడకి నాయకుల పటాలుండిపోయాయి.
వాటిని తుడవడానికి మాకు వేరే గుడ్డ ఉండేది, తెల్లది.
జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద కూడా
ఆ గుడ్డ వెయ్యలేదెప్పుడూ.

రెండో వరసలోంచి ఒకాయన, చాలా మర్యాదగా:
‘ఆయన స్వచ్ఛందంగానే వెళ్లారా?’

స్వచ్ఛందం.
ఆ మాట మా భాషలో ఉంది. నదికి ఇవతలా ఉంది, అవతలా ఉంది.
అవతల, బడినుంచి తిన్నగా గనిలోకి దింపిన పిల్లల గురించి
పత్రికలో రాసే మాట అది.
మార్చలేను. మెత్తబరచలేను. కింద గీత గీయలేను.
అచ్చంగా అదే ఆమె చెవిలో వేశాను.

అవును, అన్నాను. స్వచ్ఛందంగానే.

ఆయన రాసుకున్నాడు. పెన్నుకి మూత పెట్టాడు.

నాలుగోరోజు ఆనకట్ట దగ్గర దొరికాడు, అన్నాను.
చొక్కా లోపల పటాలు, ప్లాస్టిక్ చుట్టి. చుక్క తడి లేదు.
నీళ్లన్నీ ఆయన ఒంట్లోనే.
ప్రశంసాపత్రం ఇచ్చారు. అట్ట మంచిది.
రెండు చలికాలాలు కిటికీ పగులుకి అడ్డం పెట్టాను.

అక్కడికి నా సమయం అయిపోయింది. మైకు మీద ఎర్రదీపం.

మధ్యాహ్నం తీర్మానం ముసాయిదా.
‘ఖండిస్తోంది’ అనాలని కొందరు,
‘తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తోంది’ చాలని కొందరు.
ఆంక్షలు, బియ్యం ఓడలు, వచ్చే నెల చర్చలు,
తలుపు మూసెయ్యకూడదు కదా.
నిజమే, మూసెయ్యకూడదు. అలా అన్నవాళ్లు దుర్మార్గులేం కారు.
ఆందోళనకి ‘తీవ్ర’ ఉండాలా అని రెండు గంటల పది నిమిషాలు.
చివరికి ఉంచారు.

ఆ దేశపు బల్ల దగ్గర ఇద్దరు. ఎప్పుడూ ఇద్దరే.
ఒకడు మాట్లాడతాడు, ఒకడు చూస్తాడు.
మాట్లాడేవాడు కుర్రవాడు. పొద్దున ఆమె మొదలెట్టగానే
హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అతనికి అక్కర్లేదుగా.
హాలంతా విన్నది నన్ను.
ఆమెని విన్నది వాళ్లిద్దరే.

సాయంత్రం లిఫ్టు దగ్గర ఎదురుపడ్డారు.
బయట మంచు. కుర్రవాడి కోటు పైగుండీ ఊడి
దారం వేలాడుతోంది.
ఆమె ఆగింది. ముసాన్ యాసలో, వీధిలోకి కేకేసినట్టు:
‘ఒరే అబ్బాయ్, మెడకేమన్నా చుట్టుకో.’

అతను నేల చూశాడు. చెయ్యి మాత్రం, తనకి తెలీకుండానే,
గుండీ ఉండాల్సిన చోటికి పోయింది.
రెండోవాడు ఆ చేతిని చూశాడు.
తలుపులు మూసుకున్నాయి.

ట్రాములో ఐదు స్టాపులదాకా ఆమె నోరు విప్పలేదు.
తర్వాత నా మణికట్టు పట్టుకుంది.
‘నేనన్నదానికి వాడికేం కాదు కదా?’

అద్దం లేదు, మైకు లేదు.
అరువుకి ఇంకెవరి గొంతూ లేదు.
కాదులే, అన్నాను.
పొద్దుటినుంచీ ఒక్క మాట తడబడనిదాన్ని,
ఆ ఒక్కటీ
సరిగ్గా పలకలేకపోయాను.