రెండో గీత

పొద్దున పళ్ళు తోమకముందు ఒకటి,
తిన్న గంటకి ఒకటి,
మంట లేచిన పావుగంటలోపు ఇంకొకటి.
మూడు గొట్టాలు, నీలం మూతలు.
మూతల మీద పేర్లుండవు, అంకెలే.
నా పని ఉమ్మి చదవడం.

గలీసియా తీరాన, ఆసుపత్రి అడుగంతస్తులో,
కిటికీ లేని గదిలో కూర్చుని
రెండేళ్ళుగా ఈ రేవు ఎంగిలినంతా
గిరగిరా తిప్పి, తేటలోంచి రెండు చుక్కలు
కాగితప్పట్టీ మీద వేసి ఎదురుచూస్తాను.
ఒక గీత వస్తే పట్టీ బతికే ఉన్నట్టు.
రెండో గీత కూడా వస్తే
కడుపులో ఉండాల్సిన పెప్సిన్
గొంతుదాకా ఎక్కొచ్చినట్టు.

పైఅంతస్తులో పాత పద్ధతి.
ముక్కులోంచి సన్నటి తీగ దింపి,
చెంపకి ప్లాస్టర్ అంటించి,
నడుముకి పెట్టె కట్టి ఇంటికి పంపుతారు.
రాత్రీ పగలూ అది పులుపు లెక్కపెడుతుంది.
ఇక్కడ దాని మాటే సాక్ష్యం.
నా పట్టీ దాంతో ఎన్నిసార్లు ఔనంటుందో
చూడ్డానికే నాకు జీతం.

నలభై ఒకటో అంకె ఎవరిదో నాకు తెలియకూడదు.
రేవు చిన్నది, తెలిసిపోయింది.
చేపల వేలం పాడే ఎరుందీనా
గొట్టాలు తనే పట్టుకొచ్చింది,
కవళ్ళ వాసనతో సహా.

ఇక్కడ పాట పైకి పోదు, కిందికి దిగుతుంది.
అరవై, యాభైతొమ్మిది, యాభైఎనిమిది,
ఊపిరి తియ్యకుండా జారుతుంది ఆమె గొంతు.
ముందు చెయ్యెత్తినవాడిదే పెట్టె.
ఈ చలికాలం నుంచీ మధ్యలో జీర,
నలభైమూడు దగ్గర దగ్గు.
దగ్గు తెగేలోపు ఆగలేక ఎవడో చెయ్యెత్తేస్తాడు.
"నీ కడుపు చల్లగుండ" అంటారు పడవలవాళ్ళు,
"ఇంకా కిందికి పోనివ్వట్లేదు ధర."
ఆమె నవ్వి, పులితేన్పు మింగి,
తర్వాతి పెట్టెకి మళ్ళీ అరవై.

ఆమె మూడు గొట్టాలకీ
ఒక్క గీతే వచ్చింది.
తీగ మాత్రం
రాత్రి రెండింటికి నిప్పు,
నాలుగింటికి నిప్పు,
తెల్లారేముందు నిప్పు అని రాసింది.

కొత్త పట్టీలు సరైనవో కావో చూద్దామని
ఆ సాయంత్రం నేనే ఉమ్మాను.
మధ్యాహ్నం ఆక్టోపస్ తిన్నాను, ఒక గ్లాసు వైను.
మంట లేదు, తేన్పు లేదు.
రెండో గీత
ఎర్రగా పండింది.

నా దగ్గర నాలుగు గళ్ళ పట్టిక ఉంది.
రోగం ఉండి గీత లేనివాళ్ళ గడిలో ఆమె.
ఎదురు గడిలో,
ఎవరూ చేర్చమనని నేను.
ఒకరికొకరం కనిపిస్తూనే ఉంటాం.

"ఏమంది నా ఉమ్మి?" మెట్ల దగ్గర అడిగింది.
చెప్పకూడదు. "ఏమీ అనలేదు" అన్నాను, నిజమే.
"నాలాంటిదే, కడుపులోది బయటపెట్టదు" అంది.
తర్వాత గొంతు తగ్గించి,
"మా మనవడికీ ఇదే దగ్గు. తీగంటే పారిపోతాడు.
వాడికిది చాలదా?"

చవక అని రాశాను. నొప్పి లేదు అని రాశాను.
చాలు, చాలదు అన్నచోట
కలం మూత పెట్టేశాను.

మర్నాడు తెల్లారకుండానే వేలానికి వెళ్ళాను.
నలభైఅయిదు, నలభైనాలుగు,
గుటక వెయ్యకుండా విన్నాను.
దగ్గు రానే వచ్చింది, తెగలేదు.
ఎవరైనా ఆపితే బాగుండనుకుంటుండగా
చెయ్యొకటి లేచింది.
అందరూ నా వైపు చూశారు.

పెట్టెడు కానాగంతలు.
ఒంటరివాణ్ణి, ఏం చేసుకోను.