పదిహేడో ప్రశ్న

నజ్మా గల్లీలో ఎండ ఇంకా దుకాణాల్లోకి దిగలేదు.
మెడలో కంపెనీ కార్డు, చేతిలో ట్యాబ్లెట్.
నలభై రెండు ప్రశ్నలు,
ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా గడులు.
ఆటలు ముగిసి పదకొండు నెలలు.
మేలెంత, కీడెంత, కొలిచి రమ్మన్నారు.

కరక్ చాయ్ మొయిదు నవ్వాడు:
"ఆ నెల పాలు చాలలేదు.
మరుసటి నెల విరిగిన పాలు సింకులో పోశాను.
రెండూ కలిపి సగటు వేసుకో, నీకు సుఖం."
వేశాను. మూడు వచ్చింది.
మూడంటే 'మార్పు లేదు' అని చదువుకోవాలి.

లాండ్రీ షట్టరు మీద దుమ్ము.
మూసిన దుకాణం జవాబివ్వదు కనుక లెక్కలోకి రాదు.
దాని వెనక ఆరంతస్తుల బిల్డింగు ఉండేది,
ఇప్పుడు కంకర పరిచిన పార్కింగు.
అక్కడి మూడొందల మంది చొక్కాలు
ఇవాళ ఏ ఊరవతల ఆరుతున్నాయో
అడగడానికి గడి లేదు.
స్థానికులంటే ఎవరు సార్ అని ఆఫీసులో అడిగాను.
"వెళ్ళినరోజు ఆ గల్లీలో దొరికినవాళ్ళు."

కోరుట్ల గంగనర్సయ్య మిషను ఆపకుండానే మాట్లాడతాడు.
"జెండాలు కుట్టిన తమ్మీ, పదహారు దేశాలయి.
రాత్రి రెండు దాక. కండ్లు గుంజినయ్.
ఒక దేశం మొదటి వారమే ఓడి ఇంటికి పాయె.
దానివే నాలుగొందలు మిగిలినయ్.
ఓడినోని జెండ ఎవడు కొంటడు?"

పదిహేడో ప్రశ్న: మిగిలిన సరుకును ఏం చేశారు?
అమ్మాను. తిప్పి పంపాను. పారేశాను.

మిషను ఆగింది.
"నీ ప్యాంటు నేనే గద కుట్టింది. జేబుల చెయ్యి పెట్టు."

పెట్టాను. మెత్తగా, జారుడుగా తగిలింది.
అంచు బయటికి లాగితే
ఆకుపచ్చ, సగం తెగిన నక్షత్రం.

"గల్లీల సగం మంది జేబులల్ల గదే దేశం.
చిల్లర మోస్తున్నది, పతాక మోస్తున్నది.
బాగనే ఆగుతున్నది."

ఇక్కడ గుర్తింపు కార్డును మనవాళ్ళు పతాక అంటారు.
అది గుర్తొచ్చి ఇద్దరం నవ్వాం,
అతను ముందు ఆపేశాడు.

'ఇతరములు' గడి తెరిచాను.
నూట ఇరవై అక్షరాలకు మించరాదు.
వేలు కాసేపు అక్కడే ఆగింది,
బ్యాటరీ నాలుగు శాతం చూపించింది.
'పారేశాను' మాత్రం నొక్కలేదు.

తర్వాతి షట్టరు సగమే లేచి ఉంది.
వంగి తొంగి చూశాను:
"అన్నా, రెండు నిమిషాలు."