ఉప్పు డబ్బా

నిజాంపేటలో రెండొందల మీటర్ల తిన్నని నేల
ఎక్కడా లేదు.
సిమెంటు, పేవరు బిళ్ళలు, మళ్ళీ సిమెంటు.
మేకు దిగాలంటే మట్టి కావాలి కదా.
వాచ్‌మన్ వాళ్ళ గోంగూర మడి పక్కన ఒకటి,
ట్రాన్స్‌ఫార్మర్ కంచె అవతల ఒకటి,
మూడోది, ఎవరూ చూడకుండా,
సెక్రటరీగారి గులాబీ కుండీల వెనక.

బయటి రెండు మేకులకూ కరెంటు,
లోపలి రెండూ వినడానికి.
పెంటయ్య సుత్తె ఎత్తితే
సెల్లార్‌లో కుక్కలన్నీ లేస్తాయి.
వాళ్ళ నాన్న బావులు తవ్విన మనిషి.
గడ్డపార చప్పుడు విని చెప్పేవాడట
ఇంకెన్ని రోజులకు నీరు పడుతుందో.
కొడుకు చేతిలో నేను కేబుల్ చుట్ట పెట్టాను.

ఎండిన మట్టి కరెంటును లోపలికి రానివ్వదు.
అందుకే ప్రతి మేకు మొదట్లో
ఉప్పు కలిపిన చెంబెడు నీళ్ళు.
మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఒకావిడ:
"నీళ్ళు వెతకడానికొచ్చి నీళ్ళు పారబోస్తున్నారేంటండీ!
ట్యాంకరు ఎంతో తెలుసా?"
తెలుసు. మా ఇంటికీ ట్యాంకరే.
తల ఎత్తలేదు.

"ఇరవై!" అని అరుస్తాడు పెంటయ్య ఆ చివర.
మీట నొక్కుతాను.
అంకెలు కాసేపు తడబడి నిలుస్తాయి,
లిఫ్టు కదిలితే ఉలిక్కిపడతాయి,
హైటెన్షన్ తీగ కిందైతే నిలవనే నిలవవు.
మళ్ళీ నొక్కి, మళ్ళీ నొక్కి
మూడింటి సగటు, పెన్సిలుతో.
మేకులు దూరం జరిగిన కొద్దీ
ప్రశ్న కిందికి దిగుతుంది.
ఇన్నేళ్ళయినా నాకది వింతే,
లోతు తెలియాలంటే పక్కకు నడవాలి.

పది మీటర్ల దగ్గర గీత ఒక్కసారి వంగింది.
పద్నాలుగు ఓమ్-మీటర్లు.
భుజం మీంచి తొంగిచూస్తున్న సెక్రటరీ విష్ణుమోహన్ గారు
"పడిందా? నీళ్ళేనా?" అన్నారు.
ఆ గొంతులో ఆరు నెలల ఖాళీ బకెట్లు.
పెంటయ్య మేకు పీకి
మొన మీది మట్టి వాసన చూశాడు.
"నీళ్ళే సార్. డ్రైనేజీవి."
మీటరుకు ముక్కు లేదు,
మంచిదైనా మురుగైనా తడిని తడే అంటుంది.

అక్కణ్ణుంచి గీత పైకి.
నలభై, అరవై, ఎనభై,
గ్రాఫు కాగితం మీద నలభై అయిదు డిగ్రీల ఎక్కుడు,
ఎక్కడా ఆగి ఊపిరి తీసుకోకుండా.
కింద బండ. పగులన్నది లేని గ్రానైటు.
ఈ ఊరికి పేరు పెట్టక ముందు నుంచీ
ఎవరు తట్టినా తలుపు తీయని బండ.

"బోరు వేయించొద్దు" అని రాశాను,
రిపోర్టు మొదటి వాక్యంలోనే.
విష్ణుమోహన్ గారు రెండుసార్లు చదివారు.
"లారీకి అడ్వాన్సు ఇచ్చేశామండీ, రాత్రికొస్తుంది.
మీరు ఎక్కడో ఒకచోట సున్నం చుక్క పెట్టండి, చాలు."
నేను పెట్టలేదు.
ఎవరో పెట్టారు.

రెండోనాటి పొద్దున బస్సులోంచి చూశాను.
కార్లు, స్కూటీలు, గోంగూర మడి, గులాబీలు,
అన్నిటి మీదా జొన్నపిండిలాంటి పొడి.
తొమ్మిదొందల అడుగులట.
నా పెన్సిలు గీత చెప్పిందే
ఇప్పుడు ఏ అద్దం మీదైనా వేలితో రాయొచ్చు.
బాల్కనీ ఆవిడ పైపు పట్టుకుని కారు కడుగుతోంది.
ట్యాంకరు నీళ్ళే.

ఫోను మోగింది. పెంటయ్య.
"మేడమ్, ఉప్పు డబ్బా ఆడనే మర్చినం.
పోయి తెమ్మంటరా?"