ముడి పట్టేంత

మార్చి నెలాఖరు. థండర్ బేలో మంచు ఇంకా
కిటికీ నడుం దాకా ఉంది.
సెల్లార్‌లో ఫర్నెస్ గురకపెడుతోంది.
బల్ల మీద తొమ్మిదడుగుల గేలపు కర్ర,
ఇంకా కళ్ళు లేనిది.

కళ్ళు పెట్టడమే నా పని.
పిడి వైపు పెద్ద ఉంగరం, కొసకి పోయేకొద్దీ చిన్నవి:
ముప్పై, ఇరవై, పన్నెండు, ఎనిమిది,
ఆపైన వరసగా ఆరు, ఆరు, ఆరు.

అన్నీ ఒకటే సైజు పెడితే పోలా అంటారు కొందరు.
కండె మీంచి దారం తిన్నగా రాదు మరి.
తాగి ఇల్లు చేరేవాడిలా
సుడులు తిరుగుతూ, గోడలు తడుముతూ వస్తుంది.
మొదటి ఉంగరం వాడికి వీధి గేటు.
రెండోది గుమ్మం. మూడోది గది తలుపు.
మంచం దగ్గరికి వచ్చేసరికి ఎంత బుద్ధిమంతుడో!
గేటు మరీ ఇరుకైతే తల కొట్టుకుని అక్కడే కూలబడతాడు,
మరీ వెడల్పైతే పెరడంతా తిరుగుతాడు.
పైగా బరువొకటి.
కొసన పెరిగిన ఒక్క గ్రాము
పిడి దగ్గర పది గ్రాములంత ఏడిపిస్తుంది.

రేనో వచ్చాడు, బూట్ల మంచు మెట్ల మీదే దులిపి.
నలభై ఏళ్ళు పేపర్ మిల్లులో చేశాడు.
కుడిచేతి రెండు వేళ్ళలో స్పర్శని ఆ మిల్లే ఉంచేసుకుంది.
"ఆరు పెట్టు హిల్కా. వీలైతే అయిదు.
నా పాత కర్ర ఈకలా ఉండేది."
"నది మొగలో చిన్న ఉంగరాలకి మంచు కడుతుంది."
"గీక్కుంటాను."
"ఎనిమిది పెడతా."
ఆరు నూరైనా, నూరు ఆరైనా
ఆయనకి ఆరే కావాలి.

నేను వాదించలేదు.
రెండు దారాలు చేతికిచ్చాను,
అల్లిన సన్నదొకటి, గాజులా మెరిసే మందందొకటి.
"కలిపి ముడెయ్యి. నువ్వెప్పుడూ వేసేదే."

ఆ ముడి నాకు తెలుసు.
వానలో, ఊగే పడవలో,
మా అమ్మతో బంగాళాదుంపల ధర మాట్లాడుతూ
చూడకుండా వేసి పంటితో తెంపేవాడు.
నువ్వుగింజంత ఉండేది.

ఇప్పుడు కళ్ళజోడు తీశాడు, పెట్టాడు.
దీపం దగ్గరికి లాక్కున్నాడు.
పెదాలతో తడిపిన కొస జారింది. వెతికాడు. మళ్ళీ జారింది.
నేను నూలు రంగులు సర్దుతున్నట్టు
అటు తిరిగాను.
ఎర్రటి కండెలన్నీ ఒకపక్క పెట్టి, మళ్ళీ కలిపేశాను.

మిరియపు గింజంత ముడి, పైన పిల్లి మీసం.

ఆరో నంబరు ఉంగరంలో దారం దూర్చాను.
ఆయనే లాగాడు.
టక్.
మళ్ళీ లాగాడు.
టక్.
ఫర్నెస్ ఆగింది. పైకప్పు మీంచి మంచు జారిన చప్పుడు.

ఎనిమిది. కొంచెం రాసుకుని దాటింది.
పది. చప్పుడే లేదు.
"పది చూస్తే చేపలు నవ్వుతాయి," అన్నాడు.
"వాటికి నీ కర్ర కనపడితే కదా."

ఎనిమిది దగ్గర రాజీపడ్డాం.
బరువు లెక్క కోసం ఒక ఉంగరం తగ్గించి
మిగతావాటిని టేపుతో అతికి, కర్రని వంచి చూస్తే
నాలుగో కంటికీ అయిదో కంటికీ మధ్య
దారం కర్ర ఒంటికి రాసుకుంది.
అరంగుళం ఇటు. పావంగుళం అటు. ఇంకో పావు.
రాత్రి భోజనాల వేళైంది.

మర్నాడు వీధిలో, మంచు మీదికి
సీసపు గుండు విసిరాడు.
అది పక్కింటి షెడ్డు దాటి ఎక్కడో పడింది.
చుట్టుకున్నాడు. మళ్ళీ విసిరాడు.
"ముడి ఎప్పుడు దాటింది?" అనడిగాడు.
నాకూ తెలీలేదు.

నూలు చుట్టి, జిగురు పూసి,
దీపం కింద రాత్రంతా నెమ్మదిగా తిరిగేలా కర్రని మోటారుకి తగిలించాను.
పిడి పైన ఏం రాయమంటావని ఫోన్‌లో అడిగితే
కాసేపు ఆలోచించాడు.
"పేరు రాయి. సైజులు రాయకు."

మిగిలిన ఆరులన్నీ డబ్బాలో వేసి మూత పెట్టాను.
వస్తారెవరో ఒకరు,
నువ్వుగింజంత ముడి వేసేవాళ్ళు.