ఎనభై మిల్లీలీటర్లు

టార్టులో డిసెంబర్. మూడున్నరకే వీధిదీపాలు.
స్కాన్ గది బయట బల్ల మీద
సెలైన్ స్టాండు పక్కన, ఉన్ని మేజోళ్ళతో
మైరె సారెపూ, యాభై తొమ్మిదేళ్ళు,
బేకరీలో రాత్రి షిఫ్టు.

నా చేతిలో కాగితం.
మూడు రోజులుగా కడుపునొప్పి. పేగు మెలిపడిందేమో చూడాలి.
క్రియాటినిన్ నూట నలభై రెండు.
కింద ఎర్ర సిరాతో డాక్టరు:
మార్పిడి కిడ్నీ, పదకొండో ఏడు.
రంగు మందు తప్పదు. వీలైనంత తక్కువ.

చదవాల్సినవి చదివి వినిపించాను.
ఒళ్ళు వేడెక్కుతుంది. నోట్లో ఇనుప రుచి.
తడిసిపోయినట్టుంటుంది, తడవరు.
కిడ్నీకి దెబ్బ తగలొచ్చు.
"తగలొచ్చు అంటే?"
ఒకప్పుడు భయపడినంత లేదంటున్నారు, అన్నాను.
అలా అంటున్నవాళ్ళ లెక్కల్లో
సొంత కిడ్నీలవాళ్ళే ఎక్కువని
పైకి అనలేదు.

ఆమె పొత్తికడుపు మీద, కుడివైపు, చెయ్యి పెట్టుకుంది,
బస్సులో పక్కసీటు పరాయి పిల్లాడు నిద్రపోతే
తల జారకుండా ఆనినట్టు.
"ఎవరిదో చెప్పరు.
గాలి పడమటికి తిరిగితే సలుపుతుంది.
సముద్రం మనిషై ఉంటాడు."
నవ్వాలో వద్దో తెలియలేదు.

పడుకున్నాక అడిగింది:
"ఆ మందు చివరికి ఎటు పోతుంది?"
దాన్లోంచే, అన్నాను.
కాసేపు పైకప్పు చూసింది.
"అయితే దెబ్బ తినేదీ అదే,
కొట్టినదాన్ని గుమ్మందాకా సాగనంపేదీ అదే."
పెళ్ళికొచ్చిన చుట్టమే
విస్తళ్ళు ఎత్తినట్టు.

మిషన్ మీద నూరు అని ఉంది.
ఎనభైకి దించాను.
ఇరవై ఎంత? మూడు చెంచాలు, నాలుగు.
ఆ కాస్తలోనే
నేను చేయగలిగిందంతా ఉంది.

గాజు ఇవతల నుంచి చూశాను.
పాతవి రెండూ వెన్నుకి చెరోపక్క
ఎండిన చిక్కుడు గింజల్లా.
కింద, కటి గిన్నెలో,
అది
ఒక్కసారిగా తెల్లగా వెలిగింది.
ఇరవై మూడేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను.
ఇంత చక్కనిదాన్ని చూసి
ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.
వెలిగిందంటే మందు అందిందని.

పేగు మెలిపడలేదు. పాత కుట్టు దగ్గర కాస్త ఇరుకు, అంతే.
కత్తి అక్కర్లేదు.

నలభై ఎనిమిది గంటలు.
నాకు డ్యూటీ లేకపోయినా వెళ్ళి
కంప్యూటర్ తెరిచాను.
నూట యాభై ఒకటి.
ఆ తొమ్మిది
మందుదా, నొప్పిదా, తిండిలేని మూడు రోజులదా,
అడిగితే డాక్టరు భుజాలు ఎగరేశాడు.
శుక్రవారం మళ్ళీ రక్తం తీస్తారట.

నడవాలో ఎదురైంది, ఇంటికి బయల్దేరి.
కోటు గుండీలు కింది నుంచి పెట్టుకుంటూ
మూడో గుండీ దగ్గర ఆగి
తల వంచి ఏదో అంది.
నాతో కాదు.